నేలే ‘కుయ్’మంటే...

పొద్దున ఆరున్నర. కంబోడియాలోని బట్టంబాంగ్ రాష్ట్రం. థాయ్‌లాండ్ సరిహద్దుకి దగ్గర్లో ఓ పల్లె. ఊరి చివర కర్రపెండలం చేను. దాన్ని ఆనుకునే ఎర్రటి బోర్డు, దానిమీద పుర్రె బొమ్మ. ‘ఇటు అడుగు పెట్టొద్దు’ అని చెప్పడానికి అక్షరం ముక్క రానివాళ్లకి కూడా ఆ బొమ్మ చాలు.

బోర్డుకి ఇవతల ఓ యువతి సిద్ధమవుతోంది. ఒంటిమీద బరువైన రక్షణ కవచం. ముఖానికి అద్దంలాంటి మందపాటి తొడుగు. చేతిలో, పొడవాటి కర్రకి పళ్లెం బిగించినట్టుండే యంత్రం... మెటల్ డిటెక్టర్. నేలలో దాగిన మందుపాతర్లు వెతకడం ఆమె ఉద్యోగం. అక్కడ ఈ పనిచేసేవాళ్లలో ఆడవాళ్లు చాలామందే ఉన్నారు.

ఎండ ముదరకముందే పని మొదలుపెట్టాలి. అయినా ఆమె సరాసరి చేలోకి వెళ్లదు. అంతకుముందే వెతికి శుభ్రం చేసిన కాస్త నేల దగ్గర ఆగుతుంది. యంత్రాన్ని నేలదాకా దించుతుంది. ఎత్తుతుంది. మళ్లీ దించుతుంది. బావిలో చేద వేస్తున్నట్టు అయిదారుసార్లు అదే పని. చెవులు మాత్రం హెడ్‌ఫోన్లోని సన్నటి రొద మీదే ఉంటాయి.

ఇంతకీ ఆమె ఏం వెతుకుతోంది? ఏమీ లేదు! ఈ నేల ఎలాంటిదో తన యంత్రానికి చెబుతోంది. ఆ పరిచయం సరిగ్గా జరగకపోతే రెండిట్లో ఏదో ఒకటి తప్పదు. వట్టి నేలమీద కూడా యంత్రం అదేపనిగా కూస్తూ ఉంటుంది. లేదా మందుపాతర మీదికి వెళ్లినా నోరు మెదపదు. మొదటిదైతే పోయేది కాలం. రెండోదైతే ప్రాణం.

తక్కెడకి పాసంగం

మెటల్ డిటెక్టర్ మనకి కొత్తదేం కాదు. సినిమాహాలు గుమ్మంలో, విమానాశ్రయంలో, తిరుమల క్యూలో రోజూ చూస్తూనే ఉంటాం. జేబులో తాళంచెవి ఉంటే కుయ్‌మంటుంది, లేకపోతే ఊరుకుంటుంది. అంత తేలిగ్గా పనిచేయడానికి కారణముంది. అక్కడ యంత్రానికీ జేబుకీ మధ్య ఉన్నది గాలి. గాలి దాని పనికి అడ్డురాదు. నేల అలా కాదు.

యంత్రం కింది పళ్లెంలో రాగితీగ చుట్ట ఉంటుంది. అందులో కరెంటు అటూఇటూ మారుతూ పారుతుంటే చుట్టూ అయస్కాంత క్షేత్రం పుడుతుంది. అది కూడా మారుతూనే ఉంటుంది. ఆ పరిధిలోకి ఓ లోహపు ముక్క వచ్చిందనుకోండి, దానిలో చిన్నచిన్న కరెంటు సుడులు లేస్తాయి. ఆ సుడులు తమవంతుగా మరో బుల్లి అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తాయి. పళ్లెంలోనే ఉన్న తీగచుట్ట ఆ మార్పుని పట్టుకుంటుంది. కుయ్‌మనే శబ్దం దాని ఫలితమే.

చిక్కెక్కడంటే, మట్టిలోనూ ఇనుముంది. మేకుల రూపంలో కాదు, ఖనిజాల రూపంలో. మ్యాగ్నెటైట్, మాగ్‌హెమైట్ అనే ఇనుప ఆక్సైడులు సన్నటి రేణువులుగా మట్టిలో కలిసిపోయి ఉంటాయి. ఇసుకలో అయస్కాంతం దొర్లించి, దానికి అంటుకునే నల్లటి నూగుని చూసి ఆడుకోని పిల్లలుంటారా! ఆ నూగు ఇదే. పళ్లెం పంపే క్షేత్రానికి ఆ రేణువులు కూడా స్పందిస్తాయి. నేల పొడవునా ఉన్నవి కోట్లకొద్దీ రేణువులు. వాటన్నిటి సందడిలో, జానెడు లోతున ఉన్న చిన్న ఇనుప సూది చప్పుడు వినపడాలి!

దీనికి ఉపాయం మన కిరాణా కొట్లలో ఎప్పుడో ఉంది. నూనె కొలిచే ముందు వ్యాపారి ఖాళీ గిన్నెని ఒక సిబ్బెలో పెట్టి, రెండోవైపు పాసంగం వేస్తాడు. ముల్లు మధ్యకొచ్చాకే నూనె పోస్తాడు. ఇక తక్కెడ చూపించేది నూనె బరువునే, గిన్నెది కాదు. మెటల్ డిటెక్టర్‌కి నేలే గిన్నె. యంత్రాన్ని ఎత్తి దించుతూ ఆ యువతి సరిచూస్తున్నది ఆ పాసంగాన్నే. దీన్ని గ్రౌండ్ బ్యాలెన్స్ అంటారు. దించినప్పుడూ ఎత్తినప్పుడూ రొద ఒకేలా వినిపిస్తే పాసంగం కుదిరినట్టు. దించగానే శబ్దం పెరిగినా, తగ్గినా ఇంకా సరిచేయాలి. కొన్ని యంత్రాల్లో మర తిప్పి సరిచేస్తారు. కొన్నిట్లో మీట నొక్కితే యంత్రమే లెక్క చూసుకుంటుంది.

గిన్నె మారితే పాసంగం మారాలిగా! నేల మారినా అంతే.

జేగురు నేల తంటా

కంబోడియాలో చాలాచోట్ల ఉన్నది జేగురు నేల, అంటే లాటరైట్. అంగ్‌కోర్ ఆలయాల పునాదుల్లో, ప్రాకారాల్లో కనిపించే ఎర్రటి బొరియల రాయి ఇదే. దీనికి ఆ పేరొచ్చింది మాత్రం మన దక్షిణాదిలోనే. ఫ్రాన్సిస్ బుకానన్ అనే ఈస్టిండియా కంపెనీ వైద్యుడు మద్రాసు నుంచి మైసూరు మీదుగా మలబారుదాకా తిరిగాడు. అంగాడిపురం దగ్గర జనం మెత్తటి ఎర్రమట్టిని ఇటుకల్లా కోయడం, గాలి తగిలాక అది రాయిలా గట్టిపడటం చూశాడు. లాటిన్‌లో ఇటుకని ‘లేటర్’ అంటారు. అందుకని 1807లో అచ్చయిన తన పుస్తకంలో దానికి లాటరైట్ అని పేరుపెట్టాడు. మన జహీరాబాద్ ప్రాంతంలో కనిపించే ఎర్ర రాతినేల కూడా ఈ కుటుంబానిదే.

ఉక్కపోత, వానలు, వేల ఏళ్లు... ఈ మూడూ కలిస్తే పుట్టే నేల ఇది. వానలకి మిగతావన్నీ కరిగి కొట్టుకుపోగా ఇనుము, అల్యూమినియం ఆక్సైడులు మిగిలిపోతాయి. అందుకే ఆ ఎరుపు. అయితే ఎరుపుని చూసి మాత్రం దేన్నీ తేల్చలేం. ఎర్రగా ఉన్న ప్రతి మట్టీ యంత్రాన్ని ఏడిపించదు. ఎరుపునిచ్చే హెమటైట్‌కి అయస్కాంత గుణం తక్కువ. అసలు తంటా మ్యాగ్నెటైట్, మాగ్‌హెమైట్ రేణువులతో. వాటిలోనూ మరీ సన్నటివి ఇంకా మొండివి. పళ్లెం పంపే క్షేత్రం మారగానే అవి మారవు, కాస్త ఆలస్యంగా మారతాయి. ఆ ఆలస్యమే యంత్రానికి అచ్చం లోహపు ముక్కలాగా అనిపిస్తుంది.

దీనికి తోడు నిప్పు. మట్టి బాగా కాలితే అందులోని ఇనుము రూపం మారి అయస్కాంత గుణం పెరుగుతుంది. పాతకాలపు పొయ్యిలు, కుమ్మరి ఆవాల జాడని పురావస్తు శాస్త్రజ్ఞులు తవ్వకుండానే పసిగట్టేది ఈ గుణాన్ని పట్టుకునే. కాబట్టి ఒకే చేలో, పొద కాలిన చోట ఒకలా, పక్కన ఇంకోలా ఉండొచ్చు. పొద్దున సరిచేసిన పాసంగం నాలుగు గజాలు నడిచేసరికి తప్పు కావచ్చు!

మంచం చేసిన మోసం

కింద ఏముందో తెలియకపోతే ఎంతటివాడైనా బోల్తాపడతాడని చెప్పడానికి ఓ పాత కథుంది. ఆ బోల్తాపడ్డవాడు టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహంబెల్!

1881 జులై 2న అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్‌ఫీల్డ్ మీద కాల్పులు జరిగాయి. ఓ తూటా ఒంట్లోనే ఉండిపోయింది. అదెక్కడుందో వైద్యులకి అంతుపట్టలేదు. ఎక్స్‌రేలు ఇంకా పుట్టని కాలం. బెల్ హడావుడిగా ఓ యంత్రం తయారుచేశాడు. తీగచుట్టలు, టెలిఫోన్ రిసీవరు... లోహం దగ్గరికి వెళితే చెవిలో శబ్దం. ఒంట్లో తూటాలు మిగిలిపోయిన పాత సైనికుల మీద పరీక్షిస్తే చక్కగా పనిచేసింది. తీరా అధ్యక్షుడి పడక దగ్గరికి వచ్చేసరికి ఓ పెద్ద మేరంతా అస్పష్టమైన మోత. ఫలానా చోటని తేల్చలేకపోయారు. వైద్యుడు కుడివైపునే వెతకనిచ్చాడు. తూటా ఎడమవైపు ఉంది. ఆపైన మరో సంగతి బయటపడింది. పరుపు కింద ఇనుప తీగల స్ప్రింగులున్నాయి! అలాంటి పడకలు అప్పటికి ఇంకా కొత్త. గార్‌ఫీల్డ్ ఆ సెప్టెంబరు 19న కన్నుమూశాడు.

యంత్రం సరైనదే. అది ఏ పడకమీద పనిచేస్తోందో ముందు తెలుసుకోలేదంతే. నేలమీద మెటల్ డిటెక్టర్ పట్టుకునే ప్రతి మనిషికీ ఎదురయ్యే చిక్కు ఇదే. తేడా అల్లా, ఇక్కడ పడక పొలమంత.

రెండు మరలు, ఒక ఉచ్చు

కూస్తున్న నేలమీద కొత్తవాళ్లకి మొదట తోచే ఉపాయం ఒకటుంది. సెన్సిటివిటీ తగ్గించేయడం. యంత్రం ఎంత చిన్న స్పందనకి కుయ్‌మనాలో నిర్ణయించే మర అది. తగ్గిస్తే రొద ఆగిపోతుంది. చెవులకి హాయి. పని చకచకా సాగుతుంది.

ఉచ్చు అక్కడే ఉంది. రేడియోలో గరగర వస్తుంటే స్టేషన్ సరిచేయడం ఒక పద్ధతి. సౌండు తగ్గించేయడం ఇంకో పద్ధతి. రెండోదాంట్లో గరగరతోపాటు వార్తలూ వినపడవు. గ్రౌండ్ బ్యాలెన్స్ అంటే స్టేషన్ సరిచేయడం. సెన్సిటివిటీ తగ్గించడమంటే సౌండు తగ్గించడం. నేల రొద ఆగిందంటే, అంత సన్నటి స్పందనే ఇచ్చే మందుపాతర గొంతు కూడా ఆగిపోయినట్టే. జానెడు లోతున ఉన్నదాన్ని పట్టుకునే యంత్రం నాలుగు వేళ్ల లోతుకి పరిమితమైపోవచ్చు. దాన్ని పట్టుకుని నడిచే మనిషికి మాత్రం ఆ తేడా తెలియదు. నిశ్శబ్దంగా ఉంది కాబట్టి నేల శుభ్రమనే అనుకుంటుంది.

కాబట్టి వరస తప్పకూడదు. ముందు లోహం లేని చోట పాసంగం చూడాలి. ఆ తర్వాత యంత్రం కుదురుగా ఉన్నంతవరకూ సెన్సిటివిటీ పెంచాలి. పెంచితే కూతలు ఆగకపోతే ఒక్క మెట్టు దిగాలి. అదీ చాలకపోతే చిన్న పళ్లెం వాడాలి. చిన్న పళ్లెం ఒకేసారి చూసే మట్టి తక్కువ, కాబట్టి మట్టి రొదా తక్కువే. లోతు కాస్త తగ్గుతుంది, పని నిదానిస్తుంది. అయినా చిన్న ముక్కలు దొరికే అవకాశం పెరుగుతుంది. పళ్లెం ఊపే తీరు కూడా ముఖ్యమే. వాకిలి చిమ్మేటప్పుడు చీపురు రెండు చివర్లా పైకి లేచినట్టు లేవకూడదు. నేలకి ఎప్పుడూ ఒకే ఎత్తులో సాగాలి. ఎత్తు మారితే చాలు, రొద మారుతుంది.

నేల మారేకొద్దీ తనంతట తానే పాసంగం సరిచూసుకుంటూ పోయే యంత్రాలూ వచ్చాయి. బాగానే ఉంది కదా అనిపిస్తుంది. వాటితోనూ ఓ జాగ్రత్త అవసరం. సన్నగా ఏదో వినిపించిందని ఆ చోటే మళ్లీమళ్లీ ఊపితే, యంత్రం ఆ లోహాన్ని కూడా నేలలో భాగమే అనుకుని మర్చిపోగలదు. రోజూ అన్నం పెట్టే దొంగని చూసి కాపలాకుక్క మొరగడం మానేసినట్టు!

ఎనిమిది గ్రాముల ఇనుము

పూర్వం మందుపాతరంటే ఇనుప డబ్బానే. రెండో ప్రపంచయుద్ధంలో యూజెఫ్ కొసాట్‌స్కీ అనే పోలెండ్ సైనికాధికారి చేత్తో పట్టుకుని నడిచే డిటెక్టర్ తయారుచేశాడు. 1942లో ఈజిప్టులోని ఎల్ అలమేన్ ఎడారిలో బ్రిటిష్ సేనలు జర్మన్లు పరిచిన మందుపాతర్ల మధ్య దారి చేసుకోవడానికి అది అక్కరకొచ్చింది. డబ్బా నిండా ఇనుమున్న రోజుల్లో వెతకడం కాస్త తేలిక.

డిటెక్టర్లు వచ్చాక మందుపాతర్లు తయారుచేసేవాళ్లు ప్లాస్టిక్‌కి మారారు. చాలా రకాల్లో ఇప్పుడున్న లోహమల్లా, పేలుడు రగిలించే సూదిలాంటి ముక్కా, దాని చుట్టూ ఉండే ఒకటి రెండు చిన్న భాగాలే. మరీ ఇంత అన్యాయమైతే ఎలాగని 1996లో అంతర్జాతీయ ఒప్పందాన్ని సవరించారు. మనుషుల్ని చంపే మందుపాతర్ల స్పందన కనీసం 8 గ్రాముల ఇనుప ముక్క ఇచ్చేంతైనా ఉండాలన్నారు. యుద్ధం ముగిశాక వెతికేవాళ్లకి దొరకాలిగా! ఆ మరుసటి ఏడాదే మందుపాతర్లని పూర్తిగా నిషేధించే ఒట్టావా ఒప్పందం కూడా వచ్చింది.

కానీ కంబోడియా నేలలో ఉన్నవి అంతకుముందు పాతినవి. 1970ల్లో మొదలై దశాబ్దాలపాటు సాగిన యుద్ధాల్లో అన్ని పక్షాలూ పాతాయి. ఎక్కడ పాతారో చెప్పే పటాలు చాలావాటికి లేవు. 1979 నుంచి లెక్కేస్తే వాటివల్లా, పేలకుండా మిగిలిన బాంబులవల్లా అక్కడ దాదాపు 20 వేలమంది చనిపోయారు. 45 వేలమంది గాయపడ్డారు. 1996 ఒక్క ఏడాదిలోనే బాధితులు 4 వేలపైన. పాతికేళ్లు తిరిగేసరికి, 2021 నాటికి ఆ సంఖ్య వందలోపుకి దిగింది. ఆ దిగడం వెనక ఉన్నది, గజం వెంట గజం నేలని విని శుభ్రం చేసిన వేలమంది ఓపిక.

ఆ ఓపిక ఎలాంటిదో చూడండి. నిధుల వేటగాళ్ల యంత్రాల్లో ‘ఇనుమైతే పట్టించుకోకు’ అని చెప్పే ఏర్పాటు ఉంటుంది. తుప్పు మేకుల కోసం తవ్వుకోకుండా నాణేలూ బంగారమూ చూసుకోవచ్చు. మందుపాతర్లు వెతికేవాళ్లకి ఆ సుఖం లేదు. వాళ్లకి ప్రతి కూతా మందుపాతరే, కాదని తేలేదాకా. సీసా మూతైనా, తూటా తొడుగైనా, తుప్పు మేకైనా నేలమీద వంగి, పక్కనుంచి కొద్దికొద్దిగా మట్టి తీసి చూడాల్సిందే. మందుపాతర ఒక్కటి దొరికేలోపు వందల తుక్కుముక్కలు బయటపడతాయి. ఇంత తుక్కు మధ్యలో నేల కూడా కూస్తుంటే? తవ్వి చూస్తే ఏమీ ఉండదు. అలా పదిసార్లు, ఇరవైసార్లు... మనిషి విసిగిపోతుంది. ‘ఇదీ మట్టి కూతే అయ్యుంటుంది’ అనిపించే క్షణం వస్తుంది. అన్నిటికన్నా ప్రమాదకరమైన క్షణం అదే.

అబద్ధమాడని ముక్క

అందుకే ఈ పనిలో యంత్రం మాటని ఊరికే నమ్మరు. రోజూ పరీక్ష పెడతారు. ఆ ప్రాంతంలో దొరికే మందుపాతరలో ఉన్నంత లోహమే ఉండే ఓ చిన్న ముక్కని తీసుకుంటారు. అదే నేలలో, నిర్ణయించిన లోతులో పెడతారు. దానిమీద యంత్రం కూయాలి. పక్కన వట్టి నేలమీద ఊరుకోవాలి. రెండూ జరిగితేనే చేలోకి వెళ్లాలి. గాలిలో ముక్కని ఊపి ‘కూసింది, చాలు’ అనుకోవడానికి లేదు. గాలిలో కూసిన యంత్రం మట్టిలో కూయాలని ఎక్కడుంది!

లోతు కూడా ఇష్టమొచ్చినట్టు పెట్టరు. పాతిపెట్టిన లోతు ఎంతో నమ్మకంగా తెలియని చోట 13 సెంటీమీటర్లదాకా వెతకాలని అంతర్జాతీయ ప్రమాణాల్లో రాసుకున్నారు. ఆ అంకెకి ఆధారం ఏమిటో తెలుసా? చాలా డిటెక్టర్లు నమ్మకంగా పట్టుకోగల లోతు అదే కావడం. అంటే యంత్రం శక్తిని బట్టే భద్రతకి గీత గీశారన్నమాట. నేల ఆ శక్తిని తినేస్తే గీత కూడా పైకి జరిగిపోతుంది. అప్పుడు మరో యంత్రం తేవాలి, లేదా పైమట్టిని పొరలుపొరలుగా తీస్తూ వెతకాలి. ‘ఈ రోజుకి ఇంతే వినిపిస్తోంది, సరిపెట్టుకుందాం’ అనడానికి వీల్లేదు.

ఏ నేల ఎంత మొండిదో ముందే తెలుసుకునే సులువైన పద్ధతి కూడా ఉంది. ఒక నిర్ణీత స్థాయిలో సరిచేసిన డిటెక్టర్‌ని నేలకి బాగా పైనుంచి మెల్లగా దించుతారు. లోహం లేని ఆ నేలకి అది ఎంత ఎత్తులో కూయడం మొదలెడుతుందో కొలుస్తారు. నేలకి దాదాపు ఆనుకునేదాకా ఊరుకుంటే మెత్తటి నేల. బాగా ఎత్తులోనే మొదలెడితే మొండి నేల. ఈ కొలతని బట్టి ఎక్కడికి ఏ యంత్రం తీసుకెళ్లాలో నిర్ణయించుకోవచ్చు. పంట వేసే ముందు మట్టి పరీక్ష చేయించినట్టే.

బంగారం నేర్పిన విద్య

మొండి నేలని గెలిచే యంత్రాలు చాలావరకు బంగారం వేటలోనుంచి వచ్చాయి. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో పాత బంగారు క్షేత్రాలున్నాయి. అక్కడి మట్టిలో ఇనుప రాళ్లు ఎక్కువ. సామాన్య యంత్రాలు ఊరికే కూసేవి. అయినా ఆశ చావని మనుషులు తిరుగుతూనే ఉన్నారు. 1980లో కింగోవర్ అనే చోట ఒకాయన డిటెక్టర్‌కి ఏకంగా 27 కిలోల పైచిలుకు బంగారు ముద్ద దొరికింది. అదీ ఓ అడుగు లోతులోనే!

ఆ మట్టిని గెలవడానికి అడిలైడ్‌లోని మైన్‌ల్యాబ్ సంస్థ 1990ల్లో మరో దారి పట్టింది. క్షేత్రాన్ని ఎడతెగకుండా పంపడానికి బదులు, టక్కున పంపి టక్కున ఆపేయడం. ఆపేశాక వచ్చే మోతని వినడం. గుడిగంటనీ మట్టికుండనీ కొట్టి వదిలేస్తే మోత చల్లారే తీరు వేరుగా ఉంటుంది కదా! లోహంలో సుడులు చల్లారే తీరు వేరు, మట్టి రేణువులు సర్దుకునే తీరు వేరు. మట్టి తీరు దాదాపు ఒకే లెక్క ప్రకారం ఉంటుంది. ఆ లెక్కని తీసివేస్తే మిగిలేది లోహం. బంగారం కోసం నేర్చిన ఈ విద్యే తర్వాత అఫ్గానిస్థాన్‌లాంటి దేశాల్లో మందుపాతర్లు వెతికే యంత్రాల్లోకి చేరింది. దీనికీ ఓ ఖరీదుంది. ఏదైనా లోహపు ముక్క మోత సరిగ్గా మట్టిలాగే చల్లారితే, మట్టితోపాటు దాన్నీ తీసివేస్తుంది. అందుకే ఎంత మంచి యంత్రానికైనా పరీక్ష ముక్క తప్పదు.

సముద్రపు ఒడ్డున కథ మళ్లీ మారుతుంది. అక్కడ ఇబ్బంది పెట్టేది ఉప్పు. తడిసిన ఉప్పు ఇసుక కరెంటుని పారనిస్తుంది. అంటే నేల మొత్తం పల్చటి లోహపు రేకులా ప్రవర్తిస్తుంది. ఇనుప ఖనిజానికి కుదిరిన పాసంగం ఉప్పుకి కుదరదు. మన భీమిలి తీరంలోలాగా నల్ల ఇసుక, ఉప్పునీరు రెండూ ఉన్నచోట ఒకే ఫ్రీక్వెన్సీతో పనిచేసే యంత్రం ఏదో ఒకదానికే సర్దుకోగలదు. అందుకే ఒకేసారి రెండు మూడు ఫ్రీక్వెన్సీలు పంపి, వచ్చిన జవాబుల్ని పోల్చి చూసుకునే యంత్రాలు పుట్టాయి.

మందుపాతర అన్నమాట తెలుగువాళ్లకీ కొత్తది కాదు. 2003 అక్టోబరు 1న అలిపిరి దగ్గర అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు కాన్వాయ్ మీద జరిగిన పేలుడు ఎవరూ మర్చిపోలేదు. ఆ రోజుల్లో నేతలు వెళ్లే దారుల్లో పోలీసులు కల్వర్టు కల్వర్టుకీ దిగి డిటెక్టర్లతో వెతకడం మామూలు దృశ్యం. ఆ దారులు ఒకచోట ఎర్ర చల్కా, ఇంకోచోట నల్లరేగడి, మరోచోట కంకర పరిచిన గట్టు. దక్కన్ నల్లరాయి నుంచి పుట్టిన రేగడిలోనూ అయస్కాంత ఖనిజం ఉంటుంది. ఒక జిల్లా దాటేలోపే యంత్రానికి మూడు నేలలు ఎదురవుతాయి!

ఎలుకకి మట్టితో పనిలేదు

మట్టి గొడవే లేకుండా వెతికే దారులు లేవా అంటే, ఉన్నాయి. కొన్ని కొత్త యంత్రాల్లో మెటల్ డిటెక్టర్‌తోపాటు రాడార్ కూడా ఉంటుంది. లోహం ఉందని మొదటిది చెబితే, అది మేకంత సన్నదో మందుపాతరంత వెడల్పైన వస్తువో రెండోది చెబుతుంది. కంబోడియాలో 2006 నుంచే వీటిని పరీక్షించారు. తవ్వాల్సిన తుక్కు బాగా తగ్గింది.

ఇంకొకటి మగావా. అదో ఆఫ్రికా జాతి పెద్ద ఎలుక! పేలుడు పదార్థం వాసన పసిగట్టడమే దాని పని. కాబట్టి మేకులున్నా, ఎర్రమట్టి ఉన్నా దానికి లెక్కలేదు. బరువు తక్కువ కావడంతో మందుపాతర మీద నడిచినా పేలదు. కంబోడియాలో అది వందకి పైగా మందుపాతర్లనీ పేలని మందుగుండునీ పట్టిచ్చింది. 2020లో బ్రిటన్‌లోని ఓ జంతు సేవాసంస్థ దానికి బంగారు పతకమిచ్చింది. 2022 జనవరిలో చనిపోయింది. అయినా ఎలుక గోకి చూపించిన చోట మళ్లీ మనిషి వెళ్లాల్సిందే. చేతిలో మెటల్ డిటెక్టర్ ఉండాల్సిందే.

మళ్లీ ఆ కర్రపెండలం చేను దగ్గరికి వద్దాం. యువతి పాసంగం చూడటం అయిపోయింది. పరీక్ష ముక్క మీద యంత్రం కుయ్‌మంది. పక్క మట్టిమీద ఊరుకుంది. ఇప్పుడు ఆమె ముఖతొడుగు సర్దుకుని, గుర్తు కర్రల మధ్య ఉన్న సన్నటి బాటలోకి అడుగుపెట్టింది. కాసేపయ్యాక విరామం. మళ్లీ మొదలెట్టే ముందు మళ్లీ అదే ముక్క, అదే పరీక్ష. యంత్రం వేడెక్కి ఉండొచ్చు, బ్యాటరీ దిగి ఉండొచ్చు, కాలికింది నేల మారి ఉండొచ్చు.

ఆ చేను శుభ్రమైందని కాగితమిచ్చిన మర్నాడే రైతు నాగలి కడతాడు. వెనకే పిల్లలు పరిగెడతారు. యంత్రం ఊరుకున్నచోట నిజంగానే ఏమీ లేదని ఆ పిల్లలకి ఇచ్చే హామీ, పొద్దున్నే ఆమె అయిదారుసార్లు ఎత్తి దించిన ఆ పళ్లెమే.

నిధి దొరికితే?

డిటెక్టర్ కొనుక్కుని గుప్తనిధుల వేటకి బయల్దేరదామనుకునేవాళ్లకి ఒక ముక్క. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం నేలలో దాగిన విలువైన వస్తువేదైనా దొరికి, దాని విలువ 10 రూపాయలు దాటితే ఆ సంగతి కలెక్టరుకి రాతపూర్వకంగా తెలపాలి. దాచుకుంటే శిక్ష తప్పదు. రక్షిత కట్టడాల దగ్గర తవ్వడం అసలే నేరం. ఇంకో సంగతి... తొలకరి పడగానే కర్నూలు, అనంతపురం సీమల్లో వజ్రాల కోసం చేలల్లో తిరిగేవాళ్లకి ఈ యంత్రం అక్కరకి రాదు. వజ్రం లోహం కాదు. పాసంగం ఎంత బాగా కుదిర్చినా, వజ్రం మీద అది ‘కుయ్’మనదు!